పెరటి చెట్టే మందైన చోట

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన సామెత. రోజూ కళ్ల ముందు కనిపించేదాన్ని ఎవరూ లెక్కచేయరని దాని భావం. కెన్యా పశ్చిమాన, విక్టోరియా సరస్సు ఒడ్డున బతికే లువో జనం దగ్గర ఈ సామెత చెబితే వాళ్లకి వింతగా ఉంటుంది. వాళ్ల భాష పేరు ధొలువో. అందులో చెట్టుకీ మందుకీ ఒకటే మాట, యాథ్. ఇంటి వెనక పొదా యాథే, ఆసుపత్రిలో ఇచ్చే గోళీ కూడా యాథే. తేడా చెప్పాల్సి వస్తే ఆకు మందుని యాథ్ న్యాలువో అంటారు, లువో మందు అని.

మూలికలు అనగానే చాలామందికి పేరున్న నాటు వైద్యుడో, అడవిలో వేర్లు తవ్వుకునే ముసలాయనో గుర్తొస్తాడు. లువోల్లోనూ అలాంటివాళ్లు ఉన్నారు. కానీ దగ్గు, జ్వరం, విరేచనాలు, కడుపునొప్పి, తెగిన గాయం లాంటి రోజువారీ జబ్బులకు వైద్యం ఇంట్లోనే మొదలవుతుంది. తల్లి చెబుతుంది, పిల్లలు పరుగెత్తుకెళ్లి కోసుకొస్తారు. ఈ చిన్న పురమాయింపులోనే ఆ విద్య ఒక తరం నుంచి ఇంకో తరానికి చేరుతోంది. మొక్కల పేర్లన్నీ ఒక పుస్తకంలో రాసి పెడితే విద్య భద్రంగా ఉంటుందనుకునేవాళ్లు ఈ సంగతిని కాస్త నిదానంగా చూడాలి.

2019 జనాభా లెక్కల ప్రకారం కెన్యాలో లువోలు సుమారు 50 లక్షల మంది. కిసుము, సియాయా, హోమా బే, మిగోరి కౌంటీల్లో ఎక్కువగా ఉంటారు. బరాక్ ఒబామా తండ్రిది సియాయాలోని కొగెలో ఊరు అంటే తెలుగు పాఠకులకు చప్పున గుర్తుంటుంది. సరస్సులో చేపల వేట, గట్టు మీద మొక్కజొన్న, జొన్న, కర్రపెండలం సాగు వాళ్ల జీవనం. అదే సరస్సు చుట్టూ మలేరియా దాదాపు ఏడాది పొడవునా ఉంటుంది. సియాయాకి చెందిన బోండో ప్రాంతంలో 1990లలో వెంజెల్ గైస్లర్, రూత్ ప్రిన్స్ అనే మానవశాస్త్రవేత్తలు, కెన్యా పరిశోధకులతో కలిసి చాలాకాలం పనిచేశారు. తల్లులకీ పిల్లలకీ ఏ మందు మొక్కలు తెలుసు, వాటిని ఎలా వాడుతున్నారు అని వాళ్లు ప్రత్యేకంగా అడిగారు. అప్పటిదాకా ఆఫ్రికా మూలికల మీద రాసినవాళ్లు ఎక్కువగా వైద్యుల్నే అడిగేవారు. పిల్లల్ని అడగాలన్న ఆలోచన చాలామందికి తట్టలేదు.

లువో ఇల్లు ఎలా ఉంటుందో తెలిస్తే మందు ఎక్కడ దొరుకుతుందో తెలుస్తుంది. ఒక కుటుంబం ఇళ్లన్నీ కలిసిన వాకిలిని దాలా అంటారు. చుట్టూ కంచె. చాలా చోట్ల ఆ కంచె ఒజువోక్ అనే మొక్కది. మన కాడజెముడు అదే, తుంచితే తెల్లటి పాలు కారతాయి. గుమ్మానికి ఎదురుగా పెద్ద భార్య ఇల్లు, పక్కన మిగతా భార్యల ఇళ్లు. ఇంటి దగ్గరే కూరగాయలు వేసుకునే చిన్న దొడ్డి ఉంటుంది, దాన్ని ఒరుండు అంటారు. దొడ్డిలో కొన్ని, కంచె మొదట్లో కొన్ని, బడికెళ్లే దారి గట్టు మీద కొన్ని, బీడు పొలంలో, చెదల పుట్ట చుట్టూ ఇంకొన్ని. మందు మొక్కల్లో ఎక్కువ భాగం ఇలా నడిచివెళ్లే దూరంలోనే ఉంటాయి. దూరపు అడవి మూలికల పని వేరే వాళ్లది.

మూడేళ్ల పిల్లకి సాయంత్రానికి ఒళ్లు కాలిపోతోందనుకుందాం. తల్లి నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తుంది, పొట్ట తడిమి చూస్తుంది. పదేళ్ల పెద్దపిల్లని పిలిచి ఫలానా ఆకు తెమ్మంటుంది. ఏ మొక్క, ఎక్కడుంది, లేత చివుర్లా ముదురు ఆకులా, ఎంత తేవాలి. చెప్పేది అంతే. పెద్దపిల్ల కంచె దాటి వెళ్లి దోసెడు ఆకులు తెస్తుంది. తల్లి ఒక ఆకు నలిపి వాసన చూస్తుంది. అది కాకపోతే "ఇది కాదమ్మా, గట్టు అవతలది" అని మళ్లీ పంపుతుంది. రెండోసారి తెచ్చిన ఆకుల్ని బేసిన్‌లో చల్లటి నీళ్లు పోసి రెండు చేతులతో పిసుకుతుంది. నీళ్లు పచ్చగా మారి పైన నురుగు తేలేదాకా. ఆ నీళ్లు పిల్ల తల మీంచి పోస్తుంది, ఒక గుక్క తాగిస్తుంది. పిల్ల చేదుకి ముఖం తిప్పుకుని ఏడుస్తుంది. మిగిలిన నీళ్లు రాత్రికి మూతపెట్టి ఉంచుతుంది.

ఇందులో ఎక్కడా పాఠం చెప్పినట్టు ఉండదు. అయినా పెద్దపిల్లకి ఆ సాయంత్రం నాలుగు సంగతులు తెలిశాయి. జ్వరానికి ఏ ఆకు అన్నది ఒకటి. దాన్ని పోలిన ఇంకో ఆకు ఉంది, అది పనికిరాదు అన్నది రెండోది, బహుశా ఇదే అన్నిటికన్నా ముఖ్యమైనది. వేడి చేయకుండా చల్లనీళ్లలోనే పిసకాలన్నది మూడోది. చిన్నపిల్లలకి తాగించేది తక్కువ, ఒంటి మీద పోసేది ఎక్కువ అన్నది నాలుగోది. చివరిదాన్ని మోతాదు అంటాం. తూకం రాళ్లు లేని చోట మోతాదు తల్లి చేతి కొలతగానే ఉంటుంది, అది చూసి నేర్చుకోవాల్సిందే.

వైద్యుల విద్యకీ ఇంటి విద్యకీ మధ్య గీత స్పష్టంగానే ఉంది. వైద్యుణ్ణి జాథియెథ్ అంటారు. ఆయనకో ఆవిడకో ఆ విద్య పూర్వీకుల నుంచో, ఆవహించిన శక్తుల నుంచో వచ్చిందని నమ్మకం. కొంత రహస్యం ఉంటుంది, ప్రతిఫలం ఇచ్చుకోవాలి. మధ్యలో న్యామ్‌రెర్వా ఉంటుంది, కాన్పులూ పసిపిల్లల జబ్బులూ చూసే అనుభవం ఉన్న ఆడమనిషి, మన మంత్రసాని లాంటిది. ఇంటి మందుకు ఇవేవీ అక్కర్లేదు. అడిగితే చెబుతారు, పక్కింటి దొడ్డిలోంచి తెంపుకున్నా ఎవరూ ఏమీ అనరు. అందరికీ తెలిసిందే కాబట్టి దానికి గౌరవమూ తక్కువే. "నీకు మందులు తెలుసా" అని అడిగితే లేదని చెప్పే తల్లి, పిల్లాడికి దగ్గొస్తే ఏం చేస్తావని అడిగితే ఆగకుండా చెప్పగలదు. ఈ పరిస్థితి మన ఇళ్లలోనూ ఉంది. వాము నమిలించి, తులసి కషాయం కాచి, పసుపు పాలు పట్టించే అమ్మమ్మ ఎప్పుడూ తనకి వైద్యం తెలుసు అని చెప్పుకోదు.

ఇంకో సంగతి కూడా ఉంది. లువో ఆడపిల్ల పెళ్లయ్యాక వేరే ఊరికి, వేరే వంశం వాళ్ల దాలాకి వెళ్తుంది. పుట్టింటి మొక్కల తెలివిని వెంట తీసుకెళ్తుంది. అక్కడ అత్తకి తెలిసినవి వేరు, తోటికోడలికి తెలిసినవి వేరు. పుట్టింట్లో వాడిన మొక్క ఇక్కడి నేలలో ఉండకపోవచ్చు, దాని బదులు ఇంకోటి నేర్చుకుంటుంది. అందుకే ఒకే ఊళ్లో, ఒకే జబ్బుకి, నాలుగు ఇళ్లలో నాలుగు రకాల ఆకులు కనిపిస్తాయి. బయటినుంచి వచ్చినవాడు దీన్ని గందరగోళం అనుకుంటాడు. నిజానికి ఏ ఇంటికి ఆ ఇల్లు ప్రయోగం చేసి చూస్తోంది, ఫలితాలు బావి దగ్గరా సంతలోనూ మాటల్లో కలుస్తున్నాయి. పరిశోధకుడు టిమొతీ జాన్స్, కెన్యా వృక్షశాస్త్రవేత్త జాన్ కొక్వారో 1990లో సియాయా మూలికల మీద ప్రచురించిన పరిశోధన ఈ సంగతినే లెక్కల్లోకి తెచ్చింది. ఒక మొక్కని ఒకే జబ్బుకి ఎంతమంది విడివిడిగా చెబుతున్నారో చూశారు. ఎక్కువమంది ఏకీభవించిన మందు వెనక అనుభవం ఎక్కువ ఉందని వాళ్ల వాదం. ఆ తర్వాత లువోలు కడుపు జబ్బులకి వాడే మొక్కల్ని ప్రయోగశాలలో పరీక్షించి, విరేచనాలు కలిగించే జియార్డియా అనే పరాన్నజీవి మీద కొన్ని పనిచేస్తున్నట్టు 1995లో చూపించారు. పరీక్ష గొట్టంలో పనిచేసింది కడుపులోనూ పనిచేస్తుందని హామీ లేదు. అయినా తల్లుల మాట గాల్లోంచి రాలేదనడానికి అదొక ఆధారం.

లువో వంటింట్లో మందు ఎక్కడ ఆగి కూర ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. దేక్ అనే ఆకుకూర వాళ్లకి ప్రాణం. అది మన వామింటే. చేదు పోవడానికి ఉడికించి, పాలు పోసి, ఒక రాత్రి ఉంచి తింటారు. ఒసుగా అంటే కామంచి ఆకు. అపోథ్ జనపనార మొక్క జాతిది, జిగురుగా ఉంటుంది. మన పొలాల్లో కలుపు కింద పీకేసే వామింట అక్కడ సంతలో కట్టలు కట్టి అమ్ముడవుతుంది. బాలింతలకి, నీరసించిన వాళ్లకి ఈ చేదు కూరలు మంచివని వాళ్ల నమ్మకం. ఆకుకూరల్లో ఇనుము, విటమిన్లు ఉంటాయని మనకు తెలుసు కాబట్టి దీన్ని నమ్మడం కష్టమేమీ కాదు. ధొలువోలో చేదుని కెచ్ అంటారు, ఆకలిని రాసేదీ అవే అక్షరాలతో. నోటికి చేదుగా ఉన్నది ఒంటికి మందు అన్న భావన అక్కడి పిల్లలకి మాటలతో పాటే వస్తుంది. తీపి సిరప్పుకి అలవాటుపడిన పిల్లలకి ఇది నేర్పడం ఎంత కష్టమో ఏ తల్లిని అడిగినా చెబుతుంది.

చేదు సంగతి వచ్చింది కాబట్టి ఒలుసియా గురించి చెప్పాలి. పొదలా పెరిగే చిన్న చెట్టు, ఆఫ్రికా అంతటా చేదాకు అనే అర్థం వచ్చే పేర్లతో పిలుస్తారు. కడుపునొప్పికి, జ్వరానికి, పురుగులకి దాని ఆకు వాడకం చాలా దేశాల్లో ఉంది. 1987లో పశ్చిమ టాంజానియాలోని మహాలే కొండల్లో నీరసంగా ఉన్న ఒక చింపాంజీ ఈ చెట్టు కొమ్మ విరిచి, తొక్క తీసి, లోపలి గుజ్జు నమిలి చేదు రసం మింగడం మైకేల్ హఫ్‌మన్ అనే శాస్త్రవేత్త చూశాడు. అది మందు చెట్టు అని ఆయనకి చెప్పింది పక్కనే ఉన్న స్థానికుడు మొహమెది సెయిఫు. ఆ మనిషి తెలివి లేకపోతే శాస్త్రవేత్త కళ్ల ముందు జరిగింది కూడా ఒక జంతువు ఏదో తింది అన్నంత వరకే మిగిలేది.

ఇప్పుడు పిల్లల సంగతి. బోండో పరిశోధనలో అందరినీ ఆశ్చర్యపరిచింది ఇదే. పిల్లలు పెద్దలకి ఆకులు తెచ్చిచ్చే చేతులు మాత్రమే అనుకుంటే పొరపాటు. చిన్న చిన్న జబ్బులకి తమకి తామే వైద్యం చేసుకుంటారు, చాలాసార్లు పెద్దవాళ్లకి చెప్పను కూడా చెప్పరు. పశువులు కాసేటప్పుడు కాలు తెగితే అక్కడే ఆకు నలిపి పసరు పిండుకుంటారు. దగ్గొస్తే రోకో అనే ముళ్ల చెట్టు బెరడు నములుతారు, నమిలితే నాలుక తిమ్మిరెక్కుతుంది. తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ కూడా చేస్తారు. తల్లి పొలంలోనో సంతలోనో ఉంటే చంటిపిల్లని చూసుకునేది ఎనిమిదేళ్ల అక్కే కదా. అదే పిల్లలు చిల్లర చేతికొస్తే కొట్టుకెళ్లి తలనొప్పి గోళీ కొనుక్కుంటారు. ఆకు, గోళీ అని వాళ్ల మనసులో రెండు గదులు లేవు. రెండూ యాథే.

కానీ ఆకుల దగ్గర ఉన్న ఒడుపు గోళీల దగ్గర లేదు. కారణం ఊహించడం కష్టం కాదు. ఆకు విషయంలో తప్పు తెస్తే అమ్మ తిరిగి పంపుతుంది. కొట్టువాడు అలా పంపడు, డబ్బులిచ్చినన్ని గోళీలు ఇస్తాడు. మలేరియా మందు మూడు రోజులు పూర్తిగా వేసుకోవాల్సింది ఒకటో రెండో వేసుకుని ఆపేస్తే జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడుతుంది. మలేరియాకి క్లోరోక్విన్ ఇచ్చే రోజుల్లో ఆ గోళీ వేసుకుంటే ఒళ్లంతా దురద పెట్టేది. ఆ దురద భయంతోనే మానేసినవాళ్లు ఆఫ్రికాలో ఎందరో. పిల్లలు ఎలాగూ మందులు వాడుతున్నప్పుడు, వాళ్లకి మందుల గురించి బడిలోనే చెప్పడం మంచిది. పిల్లల చేతికి మందు ఇవ్వకండి అని గోడ మీద రాస్తే ఆ ఊళ్లలో పని జరగదు.

ఈ పిల్లల తెలివి మీద ఇంకో పరిశోధన బాగా పేరు తెచ్చుకుంది, కొంత వివాదం కూడా. అమెరికా మనస్తత్వశాస్త్రవేత్త రాబర్ట్ స్టెర్న్‌బర్గ్, గైస్లర్, ప్రిన్స్, ఇంకొందరు కలిసి కిసుముకి దగ్గర్లోని ఒక ఊళ్లో 12 నుంచి 15 ఏళ్ల పిల్లలు 85 మందికి మందు మొక్కల మీద పరీక్ష పెట్టారు, 2001లో ప్రచురించారు. ప్రశ్నలు ఇలా ఉండేవి: మీ ఇంట్లో చిన్నపిల్లకి జ్వరం వచ్చింది, గొంతు నొప్పి, తలనొప్పి, మూడు రోజులైంది. కింది ఐదు మందుల్లో ఏది పనికొస్తుంది? ఐదు మొక్కల పేర్లు, ప్రతిదానికీ వాడే తీరు: ఆకు నలిపి ముక్కుతో పీల్చాలా, వేరు దంచి తాగాలా. ఆ ఐదింటిలో ఒగాకా ఒకటి, అంటే మన కలబంద జాతి మొక్క. అమెరికా పిల్లలకి ఈ పరీక్ష పెడితే ఎన్ని మార్కులొస్తాయో చెప్పక్కర్లేదు.

అదే పిల్లలకి మామూలు తెలివితేటల పరీక్షలు కూడా పెట్టారు. మొక్కల పరీక్షలో ఎక్కువ మార్కులొచ్చిన పిల్లలకి పదాల పరీక్షలో, అంటే బడి చదువుకి దగ్గరగా ఉండే పరీక్షలో, తక్కువ మార్కులు వచ్చే ధోరణి కనిపించింది. దీనికి పరిశోధకులు చెప్పిన కారణం: కొన్ని కుటుంబాలు బడి చదువు మీద ఆశ పెట్టుకుంటాయి, కొన్ని ఊళ్లో బతకడానికి కావాల్సింది నేర్పితే చాలనుకుంటాయి. పిల్ల సమయం రెండిటికీ చాలదు. బడి మధ్యలో మానేసే పిల్లలు ఎక్కువగా ఉండే ఊళ్లో రెండో దారిని తెలివితక్కువ అనలేం.

ఈ పరిశోధనని తెలివితేటల పరీక్షల మీద జరిగిన పెద్ద చర్చలో అటువాళ్లూ ఇటువాళ్లూ లాక్కున్నారు. 85 మంది పిల్లలు చిన్న సంఖ్యే. పేరు వినో చదివో జవాబు ఎంచుకోవడం వేరు, గట్టు మీద రెండు ఒకేలాంటి పొదల ముందు నిలబడి సరైన ఆకు తెంపడం వేరు. పరీక్ష కొలిచింది మొదటిదాన్నే. అయినా అందులో ఒక సంగతిని కొట్టిపారేయలేం. బడిలో వెనకబడ్డ పిల్ల అని టీచరు రాసిన పిల్లకి, తమ్ముడి జ్వరం చూసి ఏం చేయాలో తెలిసి ఉండొచ్చు. ఆ తెలివికి మార్కుల పట్టికలో గడి లేదు. మన ఊళ్లలో "చదువుకుని ఉద్యోగం తెచ్చుకో, ఇవన్నీ నీకెందుకు" అని పిల్లల్ని పొలం నుంచి బడికి మళ్లించిన తల్లిదండ్రులకి ఈ లెక్క బాగానే అర్థమవుతుంది. వాళ్లు చేసింది తప్పు అనడానికి ఎవరికీ నోరు రాదు. దానితో పాటు ఒక తెలివి పోయిందన్నదీ అంతే నిజం.

ఇంటి మందుల గురించి మాట్లాడేటప్పుడు అనాదిగా, వేల ఏళ్లుగా అనే మాటలు తేలిగ్గా దొర్లుతాయి. లువోల మందుల్లో కొన్నింటి పుట్టుక చూస్తే అలా అనబుద్ధి కాదు. ఊళ్లలో బాగా పేరున్న మందు చెట్టు మ్వారుబైని. తూర్పు ఆఫ్రికా భాష స్వాహిలీలో 40 జబ్బుల చెట్టు అని అర్థం. అది మన వేప. భారతదేశం నుంచి వెళ్లినవాళ్లతో తూర్పు ఆఫ్రికాకి చేరింది. కెన్యా రేవు పట్నం మొంబాసా నుంచి బయల్దేరిన రైలుపట్టాలు కిసుము చేరింది 1901లో, వాటిని వేసిన కూలీల్లో వేలమంది భారతీయులే. ఇంత తక్కువ కాలంలో వేప అక్కడి తల్లుల మందుల్లో కలిసిపోయి, ఎప్పటినుంచో ఉన్నదే అన్నట్టు పిల్లలు చెప్పుకునే చెట్టయింది. కొత్త పేరు, 40 జబ్బుల కొత్త లెక్క అక్కడివే. గాయాలకి ఆఫ్రికాలో చాలా చోట్ల వాడే బైడెన్స్ అనే కలుపు మొక్క అమెరికా ఖండాల నుంచి వచ్చింది. మన దగ్గర కొన్ని ఊళ్లలో పులికంప అనే లంటానా పొదదీ అదే కథ. చింతచెట్టు దారి మాత్రం తిరగబడింది. దాన్ని లువోలు చ్వా అంటారు, దాని పుట్టిల్లు ఆఫ్రికా. మనం దాన్ని మనదే అనుకుంటాం.

తెలుగు పల్లెల్లో పెరిగిన ఎవరికైనా గడ్డి చామంతి తెలిసే ఉంటుంది. ఆడుకుంటూ మోకాలు చీరుకుంటే ఆ ఆకు అరచేతిలో నలిపి పసరు పిండుకోవడం ఏ పెద్దవాళ్లూ కూర్చోబెట్టి నేర్పలేదు, తోటి పిల్లలే చెప్పారు. ఆ మొక్క కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే. అంటే ఎక్కడో ఒక తరంలో, ఎవరో ఒక తల్లో పిల్లాడో ఆ కొత్త కలుపుని తెంపి నలిపి గాయం మీద పెట్టి చూశారు. బోండోలోనూ, బొబ్బిలిలోనూ జరిగింది ఇదే. ఇంటి వైద్యం ఎప్పుడూ కొత్త మొక్కని పరీక్షించి చేర్చుకుంటూనే వచ్చింది. దాన్ని గాజు పెట్టెలో పెట్టిన పాత వస్తువులా చూస్తే ఈ జీవం కనబడదు.

ఇంత చెప్పాక ప్రమాదం సంగతి చెప్పకపోతే అన్యాయం. ఇంటి తెలివి గంటల్లో, రోజుల్లో కనిపించే ఫలితాన్ని బాగా పట్టుకుంటుంది. వాంతి అయిందా, విరేచనం కట్టిందా, పుండు ఆరిందా అని తల్లి చూడగలదు. నెలల తర్వాత వచ్చేదాన్ని చూడలేదు. కంచెలోని ఒజువోక్ పాలు కంట్లో పడితే చూపు పోతుందని లువో పిల్లలందరికీ తెలుసు. కానీ ఆ పాలకీ, సరస్సు చుట్టూ ఉండే పిల్లల్లో ఎక్కువగా కనిపించే బర్కిట్ లింఫోమా అనే క్యాన్సర్‌కీ సంబంధం ఉండొచ్చని శాస్త్రవేత్తలు అనుమానిస్తున్నారు. ఆ చెట్టు రసం ఆ క్యాన్సర్‌తో ముడిపడిన వైరస్‌ని రెచ్చగొడుతుందని ప్రయోగశాలలో చూశారు. ఇలాంటిది ఏ అమ్మమ్మ అనుభవంలోనూ తేలే విషయం కాదు. వేప కూడా అంతే. ఆకు నీళ్లతో స్నానం ఒకటి, వేపనూనె పసిపిల్లలకి తాగించడం పూర్తిగా వేరు. తాగించిన పిల్లలకి వాంతులు, మగత, ఫిట్స్ వచ్చి ప్రాణాల మీదకి వచ్చిన కేసులు మన దేశంలో, మలేషియాలో డాక్టర్లు నమోదు చేశారు. తెలుగు ఇళ్లలోనూ ఇది గుర్తుంచుకోవాల్సిన మాట.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మలేరియా. ఐదేళ్లలోపు పిల్లలకి అది ఒకటి రెండు రోజుల్లోనే మెదడుకెక్కి ప్రాణం తీయగలదు. బేసిన్‌లో ఆకు నీళ్లు పోసి తెల్లారేదాకా చూద్దాం అనుకున్న తల్లి చెడ్డది కాదు. ఆసుపత్రి మైళ్ల దూరంలో, చేతిలో డబ్బు లేకుండా, రాత్రిపూట ఆమె చేయగలిగింది అదే. చాలామంది తల్లులు ఆకు, కొట్టు గోళీ, ఆసుపత్రి మూడిటినీ ఒకదాని వెనక ఒకటిగా వాడతారు. ఆలస్యం ఆకు మీద నమ్మకం వల్ల ఎంత, దారిలేకపోవడం వల్ల ఎంత అన్నది విడదీసి చూడాలి. కెన్యాలో 2019 సెప్టెంబరులో హోమా బేలోనే మలేరియా టీకా వేయడం మొదలుపెట్టారు. టీకా వేయించుకోవడానికి పిల్లని ఎత్తుకొచ్చిన తల్లి ఇంట్లో ఆకు నీళ్ల బేసిన్ కూడా ఉండే ఉంటుంది.

పురుగుల విషయంలో ఇంటి ఆలోచనకీ బడి ఆలోచనకీ మధ్య దూరం ఇంకా ఎక్కువ. బోండోలో పెద్దవాళ్లు పరిశోధకులకి చెప్పింది వింటే మొదట ఆశ్చర్యంగా ఉంటుంది. పురుగులు కడుపులో ఉండాల్సినవే, అన్నం అరిగేది వాటి వల్లనే, అవి లేకపోతే మనిషి లేడని. అవి కోపం తెచ్చుకుని కదిలినప్పుడో, మరీ ఎక్కువైనప్పుడో నొప్పి వస్తుంది. అప్పుడు చేదు మందు వాటిని శాంతపరచాలి. బడిలో మాత్రం పురుగు శత్రువు, ఒక్కటి కూడా మిగలకూడదు. పిల్లలు రెండు మాటలూ విని, రెండిటినీ దగ్గర పెట్టుకుంటారు. టీచరు ముందు ఒకటి చెబుతారు, నానమ్మ ముందు ఇంకోటి. మన బడుల్లో 2015 నుంచి నులిపురుగుల నివారణ దినం రోజున ఆల్బెండజోల్ గోళీ పంచుతున్నారు. గోళీ వేసుకున్న పిల్లకి ఇంట్లో ఏం చెబుతున్నారో ఎవరూ అడిగినట్టు లేదు.

నానమ్మ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. లువోల్లో ఒకప్పుడు ఆడపిల్లలూ చిన్న మగపిల్లలూ రాత్రిళ్లు పెద్దావిడ ఇంట్లో పడుకునేవారు. ఆ ఇంటిని సివిందే, ఆ ముసలమ్మని పిమ్ అనేవారు. కథలు, పొడుపుకథలు, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఏది చేయకూడదు అన్నీ అక్కడే. బడులొచ్చాక ఆ ఇళ్లు పోయాయి. తర్వాత ఎయిడ్స్ వచ్చింది. కెన్యాలో హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న కౌంటీలు ఈ సరస్సు ఒడ్డువే. 1990లలో, 2000ల మొదట్లో తల్లులూ తండ్రులూ వరసగా పోయారు. చిక్కి శల్యమవుతూ చనిపోయేవాళ్లని చూసి కొందరు చీరా అన్నారు, ఆచారం తప్పితే వచ్చే జబ్బు అని. ఇంకొందరు అయాకి అన్నారు, దోచుకుపోయేది అని. చీరాకి మూలికలున్నాయి, అయాకికి లేవు. ఏ మాట ఎంచుకుంటే ఆ వైద్యం. ఆ గందరగోళంలో ఎంత కాలం పోయిందో ఆ ఇళ్లకే తెలుసు. తల్లి లేని పిల్లలు మళ్లీ నానమ్మల దగ్గరికే చేరారు. సివిందే లేకపోయినా ముసలమ్మ, మనవలు ఒకే కప్పు కింద. మధ్యలో ఉండాల్సిన తరం లేదు.

కెన్యా ప్రభుత్వం 2003లో ప్రాథమిక విద్య ఉచితం చేసింది. పిల్లలు పొద్దుట నుంచి సాయంత్రం దాకా బడిలో ఉంటున్నారు, మంచిదే. 2016లో సంప్రదాయ జ్ఞాన రక్షణకి ఒక చట్టం కూడా చేసింది, కౌంటీలు రిజిస్టర్లు పెట్టి ఆ జ్ఞానాన్ని నమోదు చేయాలని. బయటి కంపెనీలు అడక్కుండా ఎత్తుకుపోకుండా ఆపడానికి రిజిస్టరు అవసరం. అందులో ఒగాకా ఎదురుగా కలబంద జాతి అని, ఫలానా జబ్బుకి అని రాస్తారు. ఎవరి పేరున రాస్తారన్నది కష్టమైన ప్రశ్న. నలుగురు తోటికోడళ్లకీ వాళ్ల పదిహేనుమంది పిల్లలకీ తెలిసినదానికి సొంతదారు ఎవరు?

గైస్లర్, ప్రిన్స్ ఒక వైద్యురాలినీ ఆమె మనవణ్ణీ చాలాకాలం దగ్గరుండి చూశారు. ఆవిడ వాడికి ఎప్పుడూ కూర్చోబెట్టి చెప్పలేదు. వాడు వెంట తిరిగాడు, తవ్వమంటే తవ్వాడు, దంచమంటే దంచాడు, వచ్చినవాళ్లకి ఆవిడ ఏం చేస్తోందో పక్కన నిలబడి చూశాడు. వాడు బడికీ వెళ్లేవాడు. ఆవిడకి మనవడి మీద ఉన్న ఇష్టం, వాడికి ఆవిడ దగ్గర ఉన్న చనువు లేకుండా ఆ విద్య వేరే ఏ దారినా వాడి దగ్గరికి వచ్చేది కాదని ఆ పరిశోధకుల అభిప్రాయం. బోండో చుట్టుపక్కల ఇప్పుడు బడి వదిలే వేళకి పిల్లలు యూనిఫామ్‌లోనే గట్ల మీదుగా ఇంటికొస్తారు. దారి పొడవునా అటూ ఇటూ అవే పొదలు. ఇంటికొచ్చాక ఎవరైనా వాళ్లని ఫలానా ఆకు తెమ్మని పంపుతున్నారా, తప్పు ఆకు తెస్తే నలిపి చూసి మళ్లీ పంపే మనిషి ఇంట్లో ఉందా అన్నది ఊరూరా, ఇంటింటా వేరుగా ఉంది.